బరువు ఎక్కడ మోస్తావని అడగండి

నేను కంటి డాక్టర్ని కాదు

విదర్భలో కంటిగూడు విరిగిన ప్రతి మనిషీ నా చేతుల మీదుగానే పోయాడు. నేను బాగుచేసిన కళ్లన్నీ ఒక్కసారి తెరుచుకుంటే చంద్రపూర్‌కు కరెంటు అక్కరలేదు.

నా వీడ్కోలు సభలో ఈ మాటే అన్నాను. చప్పట్లు కొట్టారు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం దించుకోవాలి. ప్రతి మనిషీ కాదు. చాలామంది నాగపూర్ పోయారు. అంతకన్నా ఎక్కువమంది ఎక్కడికీ పోలేదు, లోపలికి దిగిన కన్నుతోనే పెళ్లి చేసుకుని పిల్లల్ని కని బతికేశారు. మిగిలినవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా గల్లీలో ఆటోవాళ్ల నుంచి కిరాణా సేటు దాకా అందరూ నన్ను కంటి డాక్టరనే అంటారు. నేను ఎన్నడూ దిద్దలేదు. నేను చదివింది పళ్ల చదువు. దాని మీద దవడలకు, ముఖం ఎముకలకు ఆపరేషన్ చేసే పై చదువు. మోతిబిందు, అంటే కంట్లో శుక్లం, పట్టిన ముసలివాళ్లు నా గుమ్మం ఎక్కితే పక్క వీధి దవాఖానకు పంపేవాణ్ని. 'చిన్న చిన్న కేసులు సారు ముట్టుకోడు' అని నా పేరు ఇంకా పెరిగింది.

ఇంతకీ పని ఏమిటంటే, కన్ను కూర్చునే ఎముక గూటికి కింద ఒక నేల ఉంటుంది. కాల్చిన అప్పడం ఎంత మందమో అంతే. ఆ నేల కింద చెంప లోపల ఖాళీ గది. ముఖం మీద మొద్దు దెబ్బ పడ్డప్పుడు కనుగుడ్డు పగలకుండా ఈ నేల పగులుతుంది. దేవుడు చేసిన మంచి ఏర్పాటే, కాని సగమే చేశాడు. కంటి చుట్టూ ఉన్న కొవ్వు, కంటిని తిప్పే కండ ఆ పగులులోంచి కింది గదిలోకి జారి ఇరుక్కుంటాయి. కన్ను లోపలికి గుంజుకుపోతుంది. ఒక కన్ను తిరిగిన చోటికి రెండోది తిరగదు. మనిషికి ప్రతిదీ రెండుగా కనబడుతుంది. చెంప, పై పళ్లు మొద్దుబారతాయి. మేం చేసేది ఇంతే: జారినదాన్ని మెల్లగా పైకి లాగి, కంత మీద పలక పరచడం. ఆ పలక మనిషి ఒంట్లోంచే తీసిన ఎముక ముక్క. బొటనవేలి గోరంత.

ఆ గోరంత ముక్క ఒంట్లో ఎక్కడి నుంచి తీయాలన్నదే నా ఉద్యోగమంతా. మిగతాది పుస్తకాల్లో ఉంది.

రిటైరయ్యాక నాకు కూర్చోబుద్ధి కాదు. వరండాలో పచార్లు చేస్తాను, బొగ్గు దుమ్ము తుడిచిన కిటికీనే మళ్లీ తుడుస్తాను, చాయ్ సగం తాగి లేస్తాను. హోటల్లో ఎదుటివాడి కళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని చూస్తాను. పెళ్లిళ్లలో మా ఆవిడ నన్ను గోడకు ఎదురుగా కూర్చోబెడుతుంది. నా జాగాలోకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మొన్న అడిగింది, ఆపరేషన్లన్నీ వీడియోల్లో దొరుకుతున్నాయి సార్, దొరకనిది ఏదన్నా ఉంటే రాయండి అని. ఆ దొరకని దాని కోసమే, మీలాంటి కొత్త డాక్టర్ల కోసమే ఇది.

తుంటి

నాకు పని నేర్పిన పెద్ద డాక్టరు నాగపూర్ మరాఠీ మనిషి. చేతివాటం ఎంత మెత్తనో నోరు అంత గరుకు. పళ్ల చదువు నుంచి వచ్చానని నన్ను 'దాత్‌వాలా' అని పిలిచేవాడు. నర్సుల ముందూ అదే, రోగుల ముందూ అదే. కాని కన్ను ఎలా పట్టాలో ఆయనే నేర్పాడు. మత్తులో ఉన్న మనిషి కంటి తెల్లగుడ్డును సన్నటి చిమటాతో పట్టుకుని పైకి, కిందికి లాగి చూడాలి. సాఫీగా తిరిగితే కండ స్వేచ్ఛగా ఉన్నట్టు. కట్టేసిన దూడలాగా మొరాయిస్తే కింద ఇరుక్కున్నట్టు. ఎముక పరిచాక మళ్లీ లాగాలి. ఆయన రెండుసార్లు లాగితే నేను నాలుగుసార్లు లాగేవాణ్ని. 'అరే దాత్‌వాలా, అది కన్ను, రబ్బరు కాదు' అనేవాడు.

ఆయనకు ఎముక అంటే తుంటి ఎముకే. మెత్తగా ఉంటుంది, కావలసినంత దొరుకుతుంది, చెప్పినట్టు వంగుతుంది. అందరికీ అక్కడి నుంచే. నేనూ అట్లే చేశాను.

మాజ్రి గూడ్సు షెడ్డులో నర్సయ్య అని హమాలీ ఉండేవాడు. వ్యాగను తలుపు గొళ్లెం ఎగిరి కంటి కింద కొట్టింది. అతని కన్ను నేను బాగుచేసిన వాటిల్లోకల్లా అందమైనది. నిజంగానే, ఈ మాట దించుకోను. ఏ కన్ను విరిగిందో ఫోటో చూసి మా పెద్ద డాక్టరే చెప్పలేకపోయాడు. కొంత కాలానికి నర్సయ్య కుంటుతూ వచ్చాడు. నేను టార్చిలైటు తీసి కంట్లోకి చూస్తున్నాను.

"కన్ను మంచిగుంది సారు," అన్నాడు. "సిమెంటు బస్తా ఎంత దూరం నుంచైనా కనబడ్తుంది. ఎత్తుకోనీకెనే వస్తలేదు."

తుంటి దగ్గర ఎముక తీసిన చోట బస్తా బరువు పడ్డప్పుడల్లా చీరినట్టు నొప్పి. చాలామందికి ఆ నొప్పి తగ్గిపోతుంది. అతనికి తగ్గలేదు. బస్తాలు మానేసి షెడ్డు దగ్గర గేటు కాసే పనికి కుదిరాడు. పెద్ద డాక్టరుకు చెప్పాను. కన్ను ఎట్లుందని అడిగాడు. బాగుందన్నాను. అయితే కేసు బాగున్నట్టే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చూపు కంటిగూడు దాకే పోయి ఆగేది. మంచి సర్జన్లలో ఎక్కువమంది ఇట్లే ఉంటారు, మీరూ ఒకనాడు ఇట్లే అవుతారు, చూసుకోండి.

పుర్రె

ఆ తర్వాత తుంటి వదిలేసి పుర్రె పట్టుకున్నాను. చెవి పైన, వెనకగా, పుర్రె ఎముక రెండు పొరలుగా ఉంటుంది. పై పొర ముక్క లేపి తీస్తే లోపొర మెదడును కాస్తూనే ఉంటుంది. నొప్పి తక్కువ, జుట్టు పెరిగితే మచ్చ కనబడదు, కాలం గడిచినా ఎముక కరగదు. ఈ ప్రాంతంలో ఈ పద్ధతి తెచ్చింది నేనే అని చాలా చోట్ల చెప్పుకున్నాను. తెచ్చిన మాట నిజమే. హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో, నాకన్నా పొడుగాటి డాక్టరు భుజం వెనక కాలివేళ్ల మీద నిలబడి చూసి తెచ్చాను.

పుర్రె నాకు ఎంత నచ్చిందంటే, వచ్చినవాళ్లందరి పుర్రెల మీదా చేయి వేసి చూసేవాణ్ని. పెద్ద డాక్టరు తుంటితో చేసిందే నేను పుర్రెతో చేస్తున్నానని నాకు తోచలేదు. తోచడానికి జివతి గుట్టల నుంచి సత్తుబాయి రావలసి వచ్చింది.

సత్తుబాయి

పోలా, అదే ఎడ్ల పండుగ, అయిపోయి నాలుగైదు రోజులు. వాన. ఒక ఆడమనిషి, వెనకాల ఒక మగమనిషి, ఇద్దరూ తడిసి వచ్చారు. ఆమె సత్తుబాయి. భర్త పోయాడు. వచ్చినవాడు ఆమె మరిది లచ్చన్న. ఇద్దరికీ కలిసి గుట్ట వాలులో పత్తి చేను, ఒక ఎడ్ల జోడి. ఆమె కుడి కన్ను లోపలికి దిగి ఉంది, కింది రెప్ప మీద చిన్న కోతకు ఎవరో ఊళ్లో కుట్లు వేశారు. ఎట్లా తగిలిందంటే గడప మీద జారి పడ్డానంది. లచ్చన్న కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

ఎన్ని కనబడుతున్నాయని వేలు చూపించాను. ఎదురుగా ఒకటే. కిందికి దించితే రెండు.

"మా ఊర్ల అన్ని రెండే సారు," అంది. "రెండు సర్కార్లు, రెండు బడులు, రెండు పంచాయతీలు. ఇప్పుడు దారి గూడ రెండైంది."

జివతి వైపు ఆ గుట్ట ఊళ్లను రెండు రాష్ట్రాలూ మావంటే మావంటాయి. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

కిందికి చూసినప్పుడే రెండుగా కనబడేవాళ్లకు నేను చెప్పే చిట్కా ఒకటుంది. గదువ ఛాతీకి ఆనించి తల వంచి చూడమంటాను. తల దిగితే కన్ను దిగనక్కరలేదు, ఒకటే కనబడుతుంది. ఆఫీసులో పనిచేసేవాళ్లు దానితో సర్దుకుపోతారు, కొందరు ఆపరేషనే వద్దంటారు. సత్తుబాయికీ చూపించాను. తల వంచింది. ఒకటే కనబడింది. నా ముఖంలో సంతోషం చూసి ఆమె లేచి నిలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది, అక్కడ బిందె ఉన్నట్టుగా.

"ఇప్పుడెట్ల వంచాలె సారు?"

ఆమె ఊళ్లో నీళ్లు, కట్టెలు, పత్తి, అన్నీ గుట్ట మీద నుంచి తలపైనే దిగుతాయి. నెత్తి మీద బరువున్న మనిషి తల వంచలేదు. కళ్లు మాత్రమే దించి రాయి ఏదో, గుంత ఏదో చూసుకుని అడుగు వేయాలి. కళ్లు దించితేనే ఆమెకు దారి రెండవుతుంది.

వార్డులోంచి స్టీలు బిందె తెప్పించి, సగం నీళ్లు పోసి, ఆమె నెత్తిన పెట్టి దవాఖాన మెట్లు దిగమన్నాను. ఒక మెట్టు దిగింది. కాలు గాలిలో వెతికింది. ఆగింది. పెదవి కొరుక్కుని ఇంకో మెట్టు దిగబోయి గోడ పట్టుకుంది. నీళ్లు ఒలికాయి. పై నుంచి మా సూపరింటెండెంటు, ఇదేమన్నా సర్కస్సా అని అరిచాడు. దిగలేకపోతే ఏమవుతుందని లచ్చన్నను పక్కకు పిలిచి అడిగాను. వదినెకు నాగపూర్‌లో ఒక చెల్లె ఉందని, అక్కడ ఇళ్లలో పనికి పోవాలని, చేను తాను ఒక్కడు చేయలేడు కాబట్టి కౌలుకు ఇవ్వాలని చెప్పాడు. చెప్పి, 'ఆమె గుట్ట ఇడిసి బతకది సారు' అన్నాడు.

ఆపరేషన్ తప్పదు. వాపు తీయడానికి కొన్ని రోజులు ఆగాలి, మరీ ఆగితే కండ అక్కడే అతుక్కుపోతుంది. పుర్రె ఎముక తీస్తానని ఆమెకు చెప్పాను. వెంట్రుకలు కొంచెం గీస్తామన్నాను. వెంట్రుకల సంగతి ఆమె పట్టించుకోలేదు.

"నెత్తి మీద మళ్ల బిందె ఎన్నాళ్లకు పెట్టుకోవచ్చు?"

పుర్రె తీసిన చోటు మీద రోజూ నిండు బిందె, పత్తి మూట పెడితే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పుస్తకాలు రాసినవాళ్ల దేశాల్లో నెత్తి మీద టోపీ తప్ప ఏమీ పెట్టుకోరు. ఏమీ కాకపోవచ్చు. చాలా బాధ కావచ్చు. మరి తుంటి? చంకన పెట్టుకునే రెండో బిందె ఆనేది అక్కడే, గుట్ట దిగేటప్పుడు ఒళ్లంతా ఆనేదీ అక్కడే. నాకు నర్సయ్య కుంటడం కనబడింది.

ఆ క్షణాన నాకు మెరుపులా ఆలోచన వచ్చిందని నాలుగు కాన్ఫరెన్సుల్లో చెప్పాను. రాలేదు. వాపు తీసేదాకా రోజులన్నీ బోనులో పులిలా తిరిగాను. ముంబైలో ఒకాయనకు ఫోను చేస్తే టైటానియం జాలీ పెట్టమన్నాడు. అది తెప్పించేసరికి నెల అవుతుంది, నాకు నెల లేదు. పెద్ద డాక్టరుకు చేశాను. రిటైరై మనవళ్లతో ఉన్నాడు. అంతా విని, 'తుంటి ఉందిగా?' అన్నాడు. సగం చాయ్ తాగి లేచేవాణ్ని, మళ్లీ కూర్చునేవాణ్ని. చివరికి జ్ఞానదంతం పీకించుకోవడానికి వచ్చిన ఒక పిల్లవాడి దవడ లోపల వేలు పెట్టి తడుముతుంటే తెలివి వచ్చింది. నేను పళ్ల డాక్టర్ని. గదువ ఎముక ముందు భాగం, కింది పెదవి లోపలి నుంచి కోసి తీసేది నా మొదటి చదువే. పైకి మచ్చ ఉండదు. ముక్క చిన్నదే వస్తుంది, ఆమె కంతా చిన్నదే.

వార్డుకు పోయి ఆమె గదువ మీద వేలు పెట్టాను.

"దీని మీద ఏం మోస్తవు?"

"మా అత్తకు జవాబులు, సారు."

"కొన్నాళ్లు జావ తాగాలె. పెదవి మొద్దుబారుతది, జవాబులు జర మెల్లగ వస్తయి."

"అయితె మా అత్త మీకు కోడిని పంపుతది."

బరువు ఎక్కడ మోస్తావన్న ప్రశ్న ఆ రోజు నుంచి నా మొదటి ప్రశ్న అయింది. సిమెంటు బస్తా వీపు మీదా, బిడ్డ చంక మీదా, కావడి భుజం మీదా. డ్రైవర్లను ఏ వైపు తుంటి మీద వాలి కూర్చుంటావని అడిగాను. నవ్వారు, కాని చెప్పారు. రోగి ఒంట్లో బరువు మోయని చోటు ఒకటి ఎక్కడో ఉంటుంది. అది వెతికాకే కత్తి పట్టుకోండి.

నీలిరంగు

కింది రెప్ప లోపలి నుంచి దిగాను. మత్తు డాక్టరమ్మ తలవైపు కూర్చుని ఏదో పాట సన్నగా తీస్తోంది. కన్నును చిమటాతో పట్టి లాగితే రాలేదు, కట్టేసినట్టే ఉంది. ఇరుక్కున్నదాన్ని కొంచెం కొంచెంగా పైకి తీస్తుంటే, పాత కోత కింద, కొవ్వులో ఏదో మెరిసింది. చిమటాతో తీసి గాజుగుడ్డ మీద పెట్టాను. నువ్వుగింజలో సగం. ముదురు నీలం.

స్కాన్‌లో అక్కడ ఒక చిన్న చుక్క కనబడింది. ఎముక పొట్టు అనుకున్నాను. ఎముక నీలంగా ఉండదు.

మత్తు డాక్టరమ్మ పాట ఆపి ఏమిటది అని అడిగింది. ఆమె పుణెలో పెరిగిన మనిషి. నేను రాజూరా వైపు రైతు ఇంట్లో పుట్టినవాణ్ని. పోలా పొద్దున మా నాయన ఎడ్ల కొమ్ములకు పూసేది ఆ డబ్బా రంగే. నా వేళ్ల మధ్యా వారం దాకా పోయేది కాదు. గడప మీద పడితే రెప్ప కింద కొమ్ము రంగు ఎట్లా వస్తుంది? తుడిచి పక్కన పెట్టాను. ఏదో మురికి అన్నాను.

కాని ఎద్దు కొమ్ము దూరిన గాయమంటే పేడ, మట్టి లోపలికి పోయినట్టు. చీము పట్టిందంటే నేను పరిచే ఎముక పోతుంది, కన్నుకే ముప్పు. ముందే తెలిస్తే ఆ కోతనే మొదట తెరిచి కడిగేవాణ్ని. ఇప్పుడు ఎంత కడిగానో నాకే తెలియదు, నర్సు ఇంక సెలైను లేదని చెప్పేదాకా కడిగాను. పెదవి లోపలి నుంచి గదువ ముక్క తీసి, అరగదీసి పలచన చేసి పరిచాను. కంత మీద సరిపోయింది. సరిపోయింది అంటే, అంచుల మీద గింజంత ఆనింది. ఇంకొంచెం పెద్ద కంత అయితే నా తెలివి అక్కడే బయటపడేది. కన్నును లాగి చూశాను. తిరిగింది. మళ్లీ లాగాను. మత్తు డాక్టరమ్మ గొంతు సవరించుకునేదాకా లాగాను.

చీము పడుతుందా లేదా తేలేదాకా నేను వార్డును వదల్లేదు. కన్ను కనబడుతోందా అని అడగడం, చెంప మీద చేయి పెట్టి వేడి చూడడం, వెళ్లడం, గేటు దాకా పోయి తిరిగి రావడం.

"సారు, మీకు ఇంట్ల పని లేదా?" అంది సత్తుబాయి. పెదవి మొద్దుబారి మాట లావుగా వస్తోంది.

లచ్చన్న చాయ్‌కు పోయి ఉన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని అడిగాను. "ఈసారి కొమ్ములకు నీలం పూసిన్రా?"

పైకప్పు వైపు చూసింది. కన్ను పైకి బాగానే తిరుగుతోందని నేను గమనించకపోలేదు.

"మా ఎద్దు సర్జాకు గజ్జెలు కడ్తున్న," అంది. "ఎవరో పటాకి కాల్చిన్రు. అది తల ఇసిరింది. దాని తప్పు లేదు సారు. లచ్చన్నకు చెప్పకుండ్రి. తెలిస్తే అమ్ముతడు. అది పోతె రాజా ఇంకోదానితోని నడువది. మా గుట్టకు ట్రాక్టరు ఎక్కది. కన్ను మంచిగైనా ఏం లాభం, దున్నేటందుకు జోడి లేకపోతె?"

చెప్పనన్నాను.

ఆమె అబద్ధం ఆడింది, ఆ అబద్ధం ఆమె కన్ను తీసేదే. అయినా తప్పు నాదే అంటాను. పోలా అయిన వారంలో, గుట్ట ఊరి నుంచి, కంటి కింద కోతతో మనిషి వస్తే, గడప కథ విని నేను తలూపాను. మీరు స్కాన్ చూసే ముందు క్యాలెండరు చూడండి. పోలాకు కొమ్ములు, పత్తి దినాల్లో బండి కాడి, ఎన్నికలప్పుడు పిడికిళ్లు. రోగి అబద్ధం ఆడుతున్నాడనిపిస్తే గద్దించకండి. ఈ అబద్ధం ఎవరిని కాపాడుతోంది అని చూడండి. మనిషి దొరక్కపోతే ఎద్దును వెతకండి.

దిగుడు

చీము పట్టలేదు. కుట్లు విప్పాను. వాపు పూర్తిగా తగ్గాక వచ్చి బిందెతో మెట్లు దిగి చూపించమని పంపాను. చెప్పిన నాటికి రాలేదు. మరుసటి వారమూ రాలేదు. లచ్చన్న ఫోను కలవదు, గుట్టల్లో సిగ్నలు ఉండదు. ఆపరేషన్ అయిన కేసులు మళ్లీ రాకపోతే బాగున్నారని అనుకోవడం మా వృత్తిలో అలవాటు. ఎంత హాయైన అలవాటో చెప్పలేను. నాకు ఆ హాయి రాలేదు. నాగపూర్‌లో ఎవరింట్లోనో గిన్నెలు తోముతోందేమో అనిపించేది.

ఒక ఆదివారం బయల్దేరాను. గుట్ట కాలినడకన ఎక్కానని మనవరాలికి చెప్పాను. జీపు ఊరి నడిమిదాకా పోతుంది. నేను దిగింది అక్కడే.

లచ్చన్న నన్ను చూసి మంచం వాల్చాడు. పత్తి తీతలు సార్, తీరలేదు, అన్నాడు. వాకిట్లో ఎడ్లు రెండూ కట్టేసి ఉన్నాయి. పెద్దది, ఎర్రది, సర్జా అని చెప్పనక్కరలేకుండా తెలిసింది. దాని కొమ్ముల చివరలు కోసి ఉన్నాయి. కోసిన చోట నూనె రాసి నునుపు చేశారు. కింద ఇంకా నీలిరంగు మిగిలి ఉంది.

నేను చూస్తున్నది లచ్చన్న చూశాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"పోలా నాడే తెల్సు సారు. నేను కొట్టం ఎన్కనే ఉన్న. వదినె గడప అన్నది, నేను ఊకున్న. అన్న పోయినంక ఆ ఎద్దు మెడ పట్టుకొనే ఏడ్చింది ఆమె. నాకు తెల్సని తెలిస్తె, నా కోసమని ఆమెనే అమ్మమంటది. ముళ్లకంపల చిక్కుతున్నయని చెప్పి కొమ్ములు కోయించిన. మీరు చెప్పకుండ్రి."

చెప్పనన్నాను. ఒకే ఎద్దు గురించి ఇది రెండో మాట.

ఆమె ఎక్కడని అడిగితే పై చేనులో ఉందన్నాడు. ఊరి చివర, దారి మొదట్లో నిలబడ్డాను. దారి అంటే రాళ్లు, వాన కోసిన కాలువ, మధ్యలో ఎర్రమట్టి. పైన పత్తి మూట కనబడింది, దాని కింద మనిషి. మూట ఆమె భుజాల కన్నా వెడల్పు. తల నిటారుగా ఉంది. కళ్లు మాత్రం కింద ఉన్నాయి.

మొదటి రాళ్ల మీద దిగింది. కాలువ దాటింది. ఒకచోట ఆగింది. కాలు లేచి, గాలిలో నిలిచింది. దవాఖాన మెట్ల మీద వెతికినట్టే వెతుకుతోందనుకున్నాను. నేను రెండడుగులు ముందుకు వేశాను. ఆమె మూటను ఎడమకు సర్దుకుంది, ఆ కాలు రాయి మీద పెట్టింది, దిగింది. ఇంక ఆగలేదు. చేతులు రెండూ పక్కన ఊగుతున్నాయి, దేన్నీ పట్టుకోలేదు.

నా ముందుకు వచ్చి నిలబడింది. మూట దించలేదు. తల కదపకుండా కళ్లు మాత్రం నా మీదికి దించింది. ఆమె వాలు మీద ఎత్తులో ఉంది, నేను కింద.

"ఎందరం కనబడ్తున్నం?" అన్నాను.

"ఇద్దరు సారు."

గింజంత ఆనిన ఆ ఎముక జారిందనుకున్నాను. ఆమె పెదవి ఒకవైపు వణికింది. తర్వాత మూటతో సహా నవ్వింది.

"మీ ఎన్క మా మరిది ఉన్నడు గద."

తిరిగి చూస్తే లచ్చన్న. వాడూ నవ్వుతున్నాడు. అన్నేళ్లు నర్సులను, రోగులను ఆటపట్టించిన నేను ఆ గుట్ట మీద దొరికిపోయాను. తేరుకుని, ఇంకొకసారి ఎక్కి దిగి చూపించమన్నాను. మూట మీరు మోస్తానంటే ఎక్కుతానంది.

కాన్ఫరెన్సులో ఈ కేసు చివరి స్లైడు మీద 'పూర్తిగా నయం' అని రాశాను. ఇక్కడ అట్లా రాయలేను. ఇంటికి నడుస్తుండగా, లచ్చన్న ముందు పోతుంటే, ఆమె మెల్లగా చెప్పింది. "నిజంగ చెప్పాల్నంటె, కాళ్ల కాడికి సూస్తె ఇంకా రెండే సారు. గాని కాళ్ల కాడ సూస్కుంట ఎవ్వరు దిగుతరు? ముందటి అడుగు ఒక్కటి కనబడ్తె సాలు."

వాకిట్లోకి వచ్చేసరికి సర్జా దారికి అడ్డంగా తిరిగి ఉంది. ఆమె మూట దించకుండానే కోసిన కొమ్మును అరచేత్తో పట్టి, తలుపు తోసినట్టు పక్కకు తోసి లోపలికి పోయింది. లచ్చన్న అప్పుడే కట్టుతాడు సవరించడానికి అటు తిరిగాడు.

ఆ రెండు మాటలూ ఇన్నేళ్లు నోట్లో పెట్టుకుని తిరిగాను. నా నోరు ఎట్లాంటిదో ఈ ఊరికి తెలుసు, నా జన్మలో నేను మోసిన బరువు అదొక్కటే. ఆమె ఇప్పటికీ పత్తి దించుతోంది. సర్జా ముసలిదై కొట్టంలో నెమరేస్తోంది. సత్తుబాయి బడికే పోలేదు. లచ్చన్న చదివింది మరాఠీ బడిలో, ఇంట్లో మాట్లాడేది తెలుగే కాని అక్షరం రాదు. అందుకే దీన్ని మరాఠీలో రాయమన్నవాళ్ల మాట వినకుండా తెలుగులో రాశాను. మీలో ఎవరికన్నా జివతి వైపు పోస్టింగు పడితే, ఆ ఇంట్లో చాయ్ తాగండి, ఆమె కన్ను చూడండి, కొమ్ముల సంగతి మాత్రం అడగకండి.